థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్: నేతింట్లో పోగులు తెంపే మిషన్

ముందే చెప్తున్నా, ఇది బెంచ్‌మార్కుల రివ్యూ కాదు. ఆ లెక్కలన్నీ 2017లోనే జనం చేసి పెట్టారు, ఇప్పుడు నేను కొత్తగా కొలిచేదేం లేదు. నా దగ్గరున్నది ఏఎండీ కంపెనీ కంప్యూటర్ ప్రాసెసర్ రైజెన్ థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్, సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్లు దాటింది, రోజూ వాడుతున్నా. ఈ నాలుగేళ్లలో దీన్ని చూసినోళ్లెవరూ స్పీడెంత, కోర్లెన్ని (అంటే లోపల లెక్కలు చేసే చిన్న మెదళ్లెన్ని) అని ముందు అడగలేదు, అందరూ అడిగింది ఒకటే, ఇదేం పేరు అని. అందుకే రివ్యూలో సగం పేరుకే పోతుంది, ఏమనుకోకండి.

మాది పోచంపల్లి దగ్గర ఊరు. ఇంట్లో గుంట మగ్గం ఉంది, నాయిన ఇప్పటికీ నేస్తాడు. నేను చేసేది త్రీడీ వాక్‌త్రూలు, అంటే ఇంకా పునాది గుంత కూడా తవ్వని అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ పక్కన పిల్లలు ఆడుకుంటున్నట్టు బిల్డర్లకి చూపించే పని. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి ఊరికొచ్చేశాక మగ్గం గది పక్కన చిన్న గదిలో సెటప్ పెట్టుకున్నా, మధ్యలో ఒక్క గోడ అంతే.

మిషన్ తెచ్చిన రోజు నాయిన వచ్చి చూశాడు. "గింత పెద్దగున్నది, ఏం మిషన్‌రా ఇది?" అన్నాడు. థ్రెడ్‌రిప్పర్ నాయినా అన్నా. "అంటే?" అన్నాడు. ఇక్కడే నేను పప్పులో కాలేశా, నోరు మూసుకోకుండా తెలుగు చేసి చెప్పా, థ్రెడ్ అంటే పోగు, రిప్పర్ అంటే చింపేది అని. ఆయన నా మొహం చూశాడు, డబ్బా వైపు చూశాడు, గోడ అవతల మగ్గం వైపు చూశాడు. "పోగులు తెంపేదాన్ని తెచ్చి మగ్గం పక్కన పెట్టినవా? గసోంటి పేరు ఎవడు పెట్టిండ్రా?"

నేత తెలియనోళ్లకి ఇది నవ్వులాట అనిపిస్తుందేమో గానీ మా ఇళ్లల్లో పోగు తెగడం అంటే చిన్న విషయం కాదు. తెగిందంటే నేత ఆపాలి, కొస వెతకాలి, అతకాలి, అదీ మాది ఇక్కత్ కాబట్టి రంగు ముందే దారానికి వేసి ఉంటుంది, పోగు అటూ ఇటూ జరిగితే పువ్వు రేకు కూడా జరుగుతుంది. అట్లాంటి ఇంట్లో రోజంతా ఒక మిషన్ పోగులు చింపుతూ కూర్చుంటుంది అని నేను గర్వంగా చెప్పా చూడండి.

మా వదిన టైలరింగ్ చేస్తది, ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. "రిప్పర్ నా దగ్గర కూడా ఉంది కదా, ఇరవై రూపాయలు, కుట్లు విప్పడానికి. దానికి నువ్వు యాభై వేలు ఎందుకు పెట్టినవ్ మరిదీ?" అంది. బిల్లు చూసి మా ఆడిటర్ కూడా ఇది కుట్టు మిషన్ స్పేర్ పార్టా అని అడిగాడు, సీరియస్‌గానే.

సరే, మా ఇంట్లోనే ఇట్లా అనుకోకండి, ప్రపంచం మొత్తం అప్పుడు ఇదే పని చేసింది. 2017 మే 16న ఏఎండీ వాళ్లు ఇన్వెస్టర్ల మీటింగ్‌లో ఈ పేరు బయటపెట్టారు. అదే రోజు సర్వర్ చిప్‌కి ఎపిక్ అని పేరు చెప్పారు, అది కూడా ఐ తీసేసి వై పెట్టి. రైజెన్‌లో కూడా వై ఉంది, అప్పట్లో దాన్ని రిజెన్ అనాలా రైజెన్ అనాలా అని మా ఫ్రెండ్స్ మధ్య గొడవ. మన సినిమావాళ్లు న్యూమరాలజీ చూసి పేర్లో ఒక అక్షరం ఎక్కువ పెట్టుకుంటారు కదా, అట్లా వీళ్లకి వై అక్షరం కలిసొస్తుందని ఎవరైనా చెప్పారేమో అనుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే కలిసొచ్చింది కూడా.

థ్రెడ్‌రిప్పర్ అనగానే నెట్‌లో రెండు గుంపులు తయారయ్యాయి. ఒక గుంపు, ఇదేదో రేజర్ బ్లేడ్ పేరు, హెవీ మెటల్ బ్యాండ్ పేరు, పదమూడేళ్ల పిల్లాడు గేమ్‌లో పెట్టుకునే ఐడీ, వెయ్యి డాలర్ల సామాన్‌కి ఇట్లాంటి పేరా, ఆఫీసులో మేనేజర్ దగ్గరికెళ్లి సార్ నాకు థ్రెడ్‌రిప్పర్ కావాలి అని ఏ మొహం పెట్టుకుని అడగాలి అని. ఇంకో గుంపు, అదిరింది, ఇట్లాగే ఉండాలి, ఎన్నాళ్లు ఈ పోటీ కంపెనీ ఇంటెల్ వాళ్ల ఐ7, ఎక్స్ఈ లాంటి నంబర్లు చదవాలి అని. నేను అప్పుడు మొదటి గుంపులో ఉన్నా. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా, చాలా జోకులేశా. అప్పటికి నా దగ్గర నాలుగు కోర్ల పాత ఐ7 ఉంది, జోకులేయడానికి దాని స్పీడ్ సరిపోయేది.

ప్రాసెసర్ పేర్ల మీద నవ్వడం అప్పుడు మొదలైంది కాదులెండి. 386, 486 అని నంబర్లతో నడుస్తున్న రోజుల్లో, నంబర్‌ని ట్రేడ్‌మార్క్ చేసుకోవడం కుదరదని కోర్టులో తేలాక ఇంటెల్ వాళ్లు 586 అనకుండా పెంటియం అని పెట్టారు, 1993లో వచ్చింది. పెంట్ అంటే గ్రీకులో ఐదు అట. వాళ్లకి ఐదు, మనకి మాత్రం పెంట. మా తాత పేరు పెంటయ్య. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి ఆ పేరు పెడతారు, అసహ్యమైన పేరైతే దిష్టి తగలదని, చావు కూడా అటు తిరిగి చూడదని. స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ పెట్టినప్పుడు డబ్బాల మీద పెంటియం అని స్టిక్కర్ చూసి మా క్లాసోళ్లు "ఒరేయ్ మీ తాత పేరురా" అని ఏడిపించారు, ఆ ఏడంతా ల్యాబ్‌లో ఉన్నవన్నీ పెంటయ్య కంప్యూటర్లే. 1994లో ఆ చిప్‌లో భాగహారం తప్పు బయటపడ్డప్పుడు అమెరికాలో ఒక జోకు తిరిగింది, 586 అని ఎందుకు పెట్టలేదంటే 486కి 100 కలిపితే ఆ చిప్‌కి 585.99 చిల్లర వచ్చిందట, అందుకని. పేరు మీద జోకు, తప్పు మీద జోకు, రెండూ ఒక్క దెబ్బకి. అయినా పెంటియం ముప్ఫై ఏళ్లు బతికింది. మా తాతలాగే, గట్టి పిండం.

బతకనిది ఇంటెల్ వాళ్లదే ఐటేనియం. 1999లో ఆ పేరు చెప్పీ చెప్పగానే జనం ఐటానిక్ అన్నారు, టైటానిక్ మీద. అది నిజంగానే మునిగింది, కాకపోతే పాపం మునగడానికి ఇరవై ఏళ్లు పట్టింది. వాళ్లదే చవక చిప్ సెలెరాన్‌ని సెలరీ అన్నారు, మన భాషలో కొత్తిమీర కట్ట అన్నట్టు. మొదటి సెలెరాన్‌లో ఎల్2 క్యాష్ అనే చిన్న వేగం మెమరీ పూర్తిగా తీసేశారు కాబట్టి ఆకుకూర అన్నా తప్పు లేదు, కానీ అదే ఏడాది వచ్చిన 300ఏ మోడల్‌ని ఓవర్‌క్లాక్ చేసినోళ్లు (కంపెనీ పెట్టిన స్పీడ్ కన్నా ఎక్కువ పరిగెత్తించినోళ్లు) ఇప్పటికీ దేవుడిలా తలుచుకుంటారు.

చిప్ బాగుంటే పేరు మీద నవ్వు ఆరు నెలలకి ఆగిపోతుంది, చిప్ బాగాలేకపోతే ఆ నవ్వే దాని పేరైపోతుంది, నాకు అర్థమైంది ఇంతే. థ్రెడ్‌రిప్పర్ విషయంలో ఆరు నెలలు కూడా పట్టలేదు. మేలో పేరు, ఆగస్టు 10న సరుకు. 1950ఎక్స్‌లో 16 కోర్లు, 32 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పని వరసలు, కంప్యూటర్ భాషలో పోగులంటే ఇవే), 999 డాలర్లు. అప్పుడు అదే 999కి ఇంటెల్ ఇచ్చేది 10 కోర్ల ఐ9. అంతకు ముందు ఏడాదైతే 10 కోర్ల చిప్‌కి 1700 పైన తీసుకున్నారు. ఇంక పేరు సంగతి ఎవడికి కావాలి, రెండు నెలల కింద రేజర్ బ్లేడ్ అన్నోళ్లే బ్లేడ్ ఎక్కడ దొరుకుతుందని వెతకడం మొదలెట్టారు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ చిప్ లోపల ఒక్క పెద్ద ముక్క ఉండదు, ఎనిమిదేసి కోర్ల ముక్కలు రెండు పక్కపక్కన పెట్టి కలిపారు (మూత తీస్తే నాలుగు కనిపిస్తాయి, ఇంకో రెండు ఉత్తుత్తివి, మూత కుంగకుండా బరువు మోయడానికి). ఆ కలిపే లింకు పేరేంటో తెలుసా, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్. ఫ్యాబ్రిక్ అంటే బట్ట! బయట పేరేమో పోగులు చింపేది, లోపల మొత్తం నిలబెట్టేది బట్ట. ఇది నాయినకి చెప్తే మొదటిసారి కొంచెం మెత్తబడ్డాడు, "అయితే లోపల నేసినోడు వేరే, బయట పేరు పెట్టినోడు వేరే" అన్నాడు. 2017 జూలైలో ఇంటెల్ వాళ్లు తమ స్లైడ్స్‌లో ఇదే ఐడియాతో చేసిన ఎపిక్ సర్వర్ చిప్ గురించి డెస్క్‌టాప్ ముక్కలు నాలుగు గమ్ముతో అతికించారు అని ఎగతాళి చేశారు. అతుకు అంటే నామోషీ అనుకున్నారు. అతుకు కనపడకుండా అతకడమే పని అని మా వీధిలో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. తర్వాత ఇంటెల్ కూడా ముక్కలు కలిపి చిప్‌లు చేయడం మొదలెట్టింది, అది వేరే కథ.

ఇంక సామాన్ సంగతి. నేను తీసుకుంది సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల బజారు), మదర్‌బోర్డుతో కలిపి 52 వేలు. షాపు కుర్రాడు పేరు మొత్తం అనడు, "టీఆర్ అన్నా, టీఆర్ ఫోర్ సాకెట్, బీస్ట్" అన్నాడు (సాకెట్ అంటే బోర్డు మీద చిప్ కూర్చునే గూడు). పక్కనున్న మా బావమరిది టీఆర్‌ఎస్ వాళ్లది కూడా ప్రాసెసర్ ఉందా అన్నాడు, వాడికి అన్నీ అట్లాగే వినిపిస్తాయి. (పార్టీ పేరు 2022లో మారింది, ఈ సాకెట్ పేరు 2019లోనే మారింది, దాని బాధ కింద చెప్తా.)

చిప్ చేతిలో పెట్టుకుంటే మామూలు ప్రాసెసర్‌లా ఉండదు, దాదాపు అరచేయంత. కింద 4094 కాంటాక్టులు. మామూలుగా అయితే లివర్ ఎత్తి, చిప్ పెట్టి, లివర్ దించితే అయిపోతుంది, దీనికి అట్లా కుదరదు, మూడు స్క్రూలుంటాయి, విప్పేటప్పుడు 3, 2, 1, బిగించేటప్పుడు 1, 2, 3, వరస తప్పకూడదు. చిప్‌ని నారింజ రంగు ఫ్రేమ్‌తో సహా జారుగుడుబండ మీద జార్చినట్టు లోపలికి తోయాలి. కొత్త డబ్బాలో అయితే బిగించడానికి ప్రత్యేకంగా స్క్రూడ్రైవర్ ఇస్తారు, సరిపడా బిగుతు రాగానే టిక్కుమంటుంది. నాది సెకండ్ హ్యాండ్ కదా, డబ్బా లేదు, డ్రైవర్ లేదు, షాపోడు తన దగ్గరున్న దాంతోనే బిగించి ఇచ్చాడు, ఆ పది నిమిషాలు నేను ఊపిరి తీసుకోలేదు.

చిప్‌ని చల్లబరిచే కూలర్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నా. ఈ చిప్ మూత చాలా పెద్దది, మామూలు గుండ్రటి అడుగున్న కూలర్ పెడితే మధ్యలో వరకే కప్పుతుంది, అంచులు బయటే ఉంటాయి. వేరే షాపులో ఒకాయన ఏం కాదు సార్ అన్నిటికీ ఇదే అని ఒకటి అంటగట్టాడు, ఇంటికొచ్చి పెడితే దాని బ్రాకెట్టే సరిపోలేదు, వాపస్ తీసుకోమంటే సీల్ తీశారు కదా అన్నాడు. షాపు పేరు వద్దులే, ఆ మూడు వేలు పోయాయి అనుకున్నా. ఈ సాకెట్‌కే చేసిన కూలర్ మాత్రమే కొనండి, ఇంకేదీ వద్దు. 180 వాట్ల చిప్ ఇది, ఉత్తగా చల్లబడదు. మే నెలలో మా రేకుల గదిలో రెండర్ (త్రీడీ బొమ్మని ఫైనల్ చిత్రంగా తయారు చేయించడం) పెడితే పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుంది, అందుకే ఎండాకాలం రాత్రి పదికి పెట్టి పొద్దున ఐదుకి ఆపుతా.

పని సంగతి ఒక్క ముక్కలో చెప్తా. పాత ఐ7 మీద నలభై నిమిషాలు పట్టే ఫ్రేమ్ దీని మీద పది పన్నెండు నిమిషాల్లో వస్తుంది. బ్లెండర్, వీ-రే లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్లు ఎన్ని కోర్లిస్తే అన్నీ తింటాయి, టాస్క్ మేనేజర్‌లో 32 గడులు ఒక్కసారి నిండిపోతుంటే చూడ్డానికి పడుగు మొత్తం ఒక్కసారి లేచినట్టుంటుంది, ఆ దృశ్యానికే నేను సగం డబ్బులిచ్చా అనుకోండి. కానీ ఫొటోషాప్ తెరిస్తే, పాత ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరిస్తే, ఇంత పెద్ద మిషన్ అని అస్సలు అనిపించదు, పదహారు మందిలో ఇద్దరు పని చేస్తుంటే పద్నాలుగు మంది బీడీలు తాగుతుంటారు. గేములకైతే ఇది వద్దే వద్దు. ఇన్ని కోర్లు చూసి కొన్ని పాత గేములు అసలు తెరుచుకోకపోతే సగం కోర్లు ఆపేసే గేమ్ మోడ్ అని ఏఎండీ వాళ్లే ఇచ్చారు. సగం ఆపుకోవడానికి మొత్తం కొనడం ఎందుకు చెప్పండి.

ఇక సాకెట్ బాధ. మొదటి రెండు తరాలు ఒకే బోర్డులో పడతాయి, 2019 చివర్లో మూడో తరం వచ్చేసరికి సాకెట్ చూడ్డానికి అట్లాగే ఉంటుంది, పిన్నులు కూడా అన్నే, కానీ పాత బోర్డులో పని చేయదు. పేరు మాత్రం ఎస్‌టీఆర్‌ఎక్స్4 అని మార్చారు. రెండేళ్ల కింద బోర్డు కొన్నోళ్లంతా అప్పుడు గట్టిగానే తిట్టారు, తిట్టడం న్యాయమే. తర్వాత రేట్లు కూడా మన చేతికి అందకుండా పోయాయి. 2020లో 64 కోర్ల 3990ఎక్స్ తెచ్చారు, దాని రేటు 3990 డాలర్లు, పేరే రేటు. ఆ ఏడాదే లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పదిహేనేళ్ల తర్వాత ఇంటెల్ వదిలేసి థ్రెడ్‌రిప్పర్ మిషన్‌కి మారానని రాశారు, ఆ తర్వాత పేరు మీద జోకులు నాకైతే పెద్దగా కనపడలేదు. ఇప్పుడు 96 కోర్ల ప్రో మోడల్ ఉంది, పది వేల డాలర్లు దాటింది, దాని గురించి మాట్లాడుకోవడం మనకి అనవసరం.

పేరు మీద ఇప్పుడు నా మాటేంటంటే, ఇప్పటి పేర్లు చూశాక నాకు థ్రెడ్‌రిప్పర్ మీద గౌరవం పెరిగింది. అదే ఏఎండీ 2025లో ఒక చిప్‌కి పెట్టిన పేరు చదవండి, రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ 395. ఇది పేరా, వాషింగ్ పౌడర్ ఆఫరా? ఇటు ఇంటెల్ వాళ్లది కోర్ అల్ట్రా 7 258వీ, కోఠిలో నిలబడితే వచ్చే బస్సు నంబర్‌లా ఉంది, ఎక్కాలో లేదో తెలియదు. 2022లో అయితే పెంటియం, సెలెరాన్ పేర్లు తీసేసి చవక ల్యాప్‌టాప్‌ల మీద ఉత్తగా ఇంటెల్ ప్రాసెసర్ అని పెడతామన్నారు, పుట్టిన పిల్లాడికి అబ్బాయి అని బారసాల చేసినట్టు. వీటి మీద నవ్వడానికి కూడా ఏం లేదు, గుర్తుంటేగా నవ్వడానికి. థ్రెడ్‌రిప్పర్ అంటే మా వదినకి కూడా గుర్తుంది.

అయినా మంచి పేరు అంటే ఏంటో మా ఇంట్లో ఇంకో మిషన్ ఉంది, దాన్ని చూసి చెప్తా. చిన్నప్పుడు అమ్మ ఆసు పోసేది, అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పడం, ఒక్క చీరకి వేల సార్లు చెయ్యి ఆడాలి, ఐదారు గంటల పని, సాయంత్రానికి భుజం లేచేది కాదు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఇదే బాధ చూడలేక ఏళ్ల తరబడి తిప్పలు పడి ఆసు మిషన్ చేశారు, 1999లో పూర్తయింది. ఆ పని గంటన్నరకి దిగొచ్చింది. దానికి ఆయన పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం, లక్ష్మి వాళ్లమ్మ పేరు. ఆయనకి పద్మశ్రీ వచ్చింది 2017లో, ఈ థ్రెడ్‌రిప్పర్ వచ్చిన ఏడాదే. రెండూ పోగుల మిషన్లే, రెండూ గంటల పనిని తగ్గించేవే, ఒకదానికి తల్లి పేరు, ఇంకోదానికి రౌడీ పేరు. నా మిషన్‌కి పనికి ఐదుకి నాలుగున్నర స్టార్లిస్తా. పేరుకి నేను మూడిస్తా, నాయిన ఒక్కటి కూడా ఎక్కువే అంటాడు.

మొన్న దసరా ముందు ఒక పెద్ద వెంచర్ రెండర్ నడుస్తోంది, ఫ్యాన్లు గోడ అవతలికి వినపడేంత మోత. నాయిన మగ్గం ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని పోగులురా దానికి?"

"ముప్ఫై రెండు నాయినా."

"ముప్ఫై రెండా? నా పడుగుల నాలుగు వేలున్నయ్, నేనేమన్న లొల్లి చేస్తున్ననా?" అని వెళ్లి మళ్లీ గుంటలో కూర్చున్నాడు. టక్ టక్ మొదలైంది.

కొనాలనుకునేవాళ్లకి, 1950ఎక్స్ ఇప్పుడు తీసుకుంటే రెండరింగ్ కోసమే తీసుకోండి, బోర్డు కండిషన్ చూసుకోండి, ర్యామ్ స్టిక్కులు నాలుగు పెట్టండి, రెండే పెడితే మెమరీ వేగం సగం పోతుంది. నేను అదే బోర్డులో పెట్టుకోవడానికి దీని తర్వాతి తరం 2950ఎక్స్ వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా ఉంటే మంచి రేటుకి చెప్పండి. ఇంట్లో మాత్రం ఈసారి పేరు చెప్పను, ప్రాసెసర్ అంటా.